కోపం ఎవరిది? చికిత్స ఎవరికి?

కుర్రాళ్ల దూకుడుకి మందు వెయ్యాలన్న ఆలోచన నిన్నటిది కాదు. 2015 బాలన్యాయ చట్టం 18వ సెక్షన్, స్పెషల్ హోముకి పంపిన పిల్లలకి చదువు, పని, కౌన్సెలింగుతో పాటు 'ప్రవర్తనని మార్చే చికిత్స' కూడా ఇమ్మంది. లాఠీ కన్నా నయమే, కాదనం. అయితే ఇలాంటి 'చికిత్స' కృష్ణ ఒడ్డున ఒకప్పుడు ఏం చేసిందో చూడాలి.

చల్లపల్లి నుంచి కరకట్ట పట్టుకుని విజయవాడ చేరి, బ్యారేజీ దాటితే సీతానగరం. ఇంకా దక్షిణాన, బాపట్ల దగ్గర, స్టూవర్టుపురం. రెండుచోట్లా సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంట్లు నడిపింది. 1911 నేరస్థ తెగల చట్టం ప్రకారం ఒక తెగ నేరాలకి 'అలవాటుపడింది' అని సర్కారు నమ్మితే చాలు. ఆ ముద్ర చెల్లదని కోర్టుకి పోయే దారి కూడా మూసేశారు. 17వ సెక్షన్ మరీ ఘోరం. 6 ఏళ్లు దాటి 18 నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టొచ్చు. పిల్లవాడు దొంగతనం చెయ్యనక్కర్లేదు, ఎవర్నీ కొట్టనక్కర్లేదు. ఆ తెగలో పుడితే చాలు.

సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ ఈ పనికి పెట్టిన పేరు 'క్రిమినోక్యూరాలజీ', అంటే నేరానికి వైద్యం. మరి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎరుకలవాళ్లు ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్లు. రైళ్లు, ఉప్పు మీద తెల్లవాళ్ల పెత్తనం కలిసి ఆ బతుకుని తుడిచిపెట్టాయి. వైద్యం మాత్రం ఎరుకలవాళ్లకే. స్టూవర్టుపురం 'రోగులు' చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. 1952లో చట్టం పోయింది. ముద్ర పోలేదు. 1991లో సినిమా పేరుకి కూడా ఎక్కింది.

అదే 1991లో చుండూరు. సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులపోడికి తగిలిందని మొదలైన తగువు, ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ కోపాన్ని జబ్బన్నవాడు లేడు, దానికి శిక్షణ తరగతులూ లేవు.

ఇప్పటి చట్టంలో ఒక సందు ఉంది. 16 దాటిన పిల్లవాడి మీద ఘోరనేరం మోపితే, అది 'ఏ పరిస్థితుల్లో' జరిగిందో కూడా బోర్డు చూడాలి. ప్రొబేషన్ ఆఫీసరు 15 రోజుల్లో సామాజిక విచారణ రిపోర్టు ఇవ్వాలి. పేటలో ఏం జరిగిందో, బడి ఎందుకు మానేశాడో, మొదట ఎవరు చెయ్యెత్తారో ఆ రిపోర్టులోకి ఎక్కాలంటే ఆ 15 రోజుల్లో వకీళ్లు, పంతుళ్లు, సంఘం పిల్లలు ఆ ఆఫీసు మెట్లెక్కాలి.