సంతలో మన మాట

మన పెద్దలు తూకం కన్నా కొలతనే ఎక్కువ నమ్మారు. చోళ్ళైనా, సామలైనా, వలిసెలైనా తవ్వ, మానిక, అడ్డ, కుంచం లెక్కనే ఇచ్చిపుచ్చుకున్నారు. కొలిచే పాత్ర ఇద్దరి మధ్యా ఉండేది. కుప్పగా పోస్తున్నారో, పైన గీసి పోస్తున్నారో ఇద్దరికీ కనిపించేది. ఏ మెట్టు మీద పండింది, కోతలప్పుడు వాన పడిందా, నిరుటి గింజా ఈ ఏటిదా అని అడిగితే పండించినవాడే జవాబు చెప్పేవాడు. సంత అంటే పంట చేతులు మారే చోటు. ఆ పంట గురించి పండించినవాడు నోరువిప్పి మాట్లాడే చోటు కూడా అదే. ఆ మాట మన చేతి నుంచి ఎలా జారిపోయిందో, ఎంతవరకు తిరిగి వచ్చిందో మన పిల్లలకు తెలియాలి.

అప్పు నోరు కట్టింది

మైదానం షావుకార్లు ఉప్పు, ఎండుచేపలు, బట్ట మోసుకుని కొండెక్కారు. దిగేటప్పుడు చింతపండు, పసుపు, పిప్పళ్ళు, వలిసెలు పట్టుకెళ్ళారు. కొండ మీద ఉప్పు పండదు. ఆ ఒక్క అవసరమే అప్పుకు దారి తీసింది.

1879 రంప పితూరీ గురించి చెప్పేటప్పుడు కల్లు మీద పన్ను, ముఠాదారుల జులుం గురించి చెబుతాం. దానితోపాటు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. షావుకార్లు చదువురాని కొండవాళ్ళ చేత కాగితాలు రాయించుకుని, దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవారు. ప్రతివాది హాజరు కాకుండానే డిక్రీ వచ్చేది. ఆ డిక్రీతో వచ్చి పశువులనూ గింజలనూ తోలుకుపోయేవారు. పితూరీకి ఇది కూడా ఒక కారణమని ఆనాటి ప్రభుత్వ రికార్డులే ఒప్పుకున్నాయి.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూమి బదలాయింపు చట్టం తెచ్చింది. కొండవాళ్ళ అప్పు మీద వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, చక్రవడ్డీ చెల్లదని, మొత్తం వడ్డీ అసలును మించకూడదని అందులో ఉంది. ఏది చేయకూడదని చట్టం రాసిందో, అదే అప్పటిదాకా జరుగుతూ వచ్చిందని మనం అర్థం చేసుకోవాలి.

చట్టం మద్రాసులో ఉంది, సంతకు వెళ్ళే బాట మీద షావుకారు ఉన్నాడు. పంట చేలో ఉండగానే అప్పిచ్చి, కోతకు ముందే ధర కట్టేవాడు. అప్పు లేనివాళ్ళను సంతకు చేరకముందే దారికాచి, కావిడి దింపించి, తన తూకంతో తూచుకునేవాడు. అప్పున్నవాడు తన సరుకు ధర తాను చెప్పలేడు. బాకీ ఎంతని అడగలేడు. తన పంట మంచిదని కూడా అనలేడు, అంటే వచ్చే ఏడు ఉప్పు పుట్టదు. మన ఊళ్ళల్లో కొన్నిచోట్ల పసుపు రెండేళ్ళ పంట. రెండేళ్ళు నేలలో ఉండి, ఉడికి, ఎండి, ఘాటీ దిగిన ఆ పసుపు మైదానం మార్కెట్లో మిగతా పసుపులో కలిసిపోయింది. తిన్నవాడికి మన ఊరు తెలియలేదు, తిన్నది ఎవరో మనకూ తెలియలేదు.

గోదావరికి ఆవల ఆదిలాబాదులోనూ ఇదే కథ. 1940లో జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం రప్పించిన హైమెండార్ఫ్, గోండుల భూములు పరాయి చేతుల్లోకి పోయిన తీరును రాశాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన రోజు కూడా అక్కడ సంత రోజే.

ధర పలక వచ్చింది, పేరు రాలేదు

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, ఏర్పడింది. తూనికలు కొలతల చట్టం వచ్చిందీ అదే ఏడాది. తర్వాత కొద్దికాలానికే కిలోలు వచ్చాయి. డిపోలో ఉప్పు, బియ్యం, కిరసనాయిలు దొరకడం, సరుకు ధర పలక మీద రాసి పెట్టడం చిన్న విషయం కాదు. ధర ఎంతో ముందే తెలిసిన మనిషి కాస్త నిటారుగా నిలబడతాడు. 1979 నిబంధన అటవీ ఫలసాయం కొనే హక్కును సంస్థకే ఇచ్చి, ప్రైవేటు వ్యాపారిని పక్కకు నెట్టింది.

మాట మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చింతపండు గోనెలోకి వెళ్ళాక ఏ ఊరిదో, ఎవరు గింజ తీశారో ఎక్కడా ఉండదు. తూకంలో మోసం తగ్గినా, తిన్నవాడికీ పండించినవాడికీ మధ్య గోడ అలాగే ఉంది.

1996 పెసా చట్టం ఇంకొక అడుగు వేసింది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, గ్రామ సంతల నిర్వహణ, వడ్డీ వ్యాపారం మీద అదుపు గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని చెప్పింది. మన సంతలో ఆశీలు ఎవరు వసూలు చేస్తున్నారు, ఆ డబ్బు నీడకూ నీళ్ళకూ ఎంత ఖర్చవుతోంది, కాటాకు ప్రభుత్వ ముద్ర ఉందా అని గ్రామసభలో అడగడం మన యువత పని. ఆ మూడు ప్రశ్నలకు చట్టం వెన్నుదన్నుగా ఉంది.

కాఫీ నేర్పిన పాఠం

2019లో అరకు వేలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన మనవాళ్ళు పండించిన గింజ ప్యారిస్‌లో అరకు పేరుతోనే అమ్ముడవుతోంది. ఊరి పేరుకు విలువ ఉందని ఇది రుజువు చేసింది. పచ్చికాయ, పండు కలిపి దూయకుండా ఎర్రపండు మాత్రమే ఏరితే ధర పెరుగుతుందని కూడా మనవాళ్ళు చూశారు.

అయితే ఒక మాట ఆలోచించాలి. కాఫీ మనం తరతరాలుగా తిన్నదీ తాగిందీ కాదు. మనం తాగని దానికి ప్రపంచంలో పేరు వచ్చింది. మనల్ని బతికించిన చోడి అంబలికి, సామ అన్నానికి ఇంకా ఊరి పేరు లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంలో సామలు అడిగేవాళ్ళు పెరిగారు. కొండవాళ్ళ తిండి అని ఒకప్పుడు చిన్నచూపు చూసిన గింజను ఇప్పుడు ఆరోగ్యం కోసం కొంటున్నారు. ఆ గింజ గురించి చెప్పవలసింది ప్యాకెట్ కట్టేవాడా, మనమా?

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

ఊరి పేరు, పంట నెల, గింజ రకం మొదట చెప్పాలి. పాడేరు, హుకుంపేట, ముంచింగిపుట్టు సంతల్లో సామలు అమ్మే అక్కలు నోటితో ఇది చెప్పగలరు. విశాఖ వెళ్ళే సంచి మీద చదువుకున్న పిల్లలు రాసిపెట్టాలి.

రెండోది ధర. సామలు ఇంత ధరా అని కొనేవాళ్ళు అడుగుతారు. కోపం తెచ్చుకోవద్దు. దున్నడం, కలుపు, కోత, నూర్పు, పొట్టు తీయడం, బస్సు ఛార్జీ అని వరుసగా చెప్పాలి. సామ పొట్టు తీయడం ఎంత చాకిరీయో మన అమ్మలకు తెలుసు, పట్నంలో తెలియదు. లెక్క విప్పి చెబితే బేరం తగ్గుతుంది. 1999లో మొదలైన రైతుబజార్లలో రైతే ఎదురుగా నిలబడి అమ్ముతాడు. అక్కడికి చేరినప్పుడు మనం మౌనంగా కూర్చోకూడదు.

మూడోది కష్టమైనది. లోపం కూడా చెప్పాలి. వానకు తడిసిన పసుపును వేరే కుప్ప పోసి, తడిసిందని చెప్పి తక్కువకు అమ్మాలి. యూరియా వేసిన చేను పంటను ఎరువు వేయనిదని అనకూడదు. కొండ పంట అంతా మందులేనిదే అని గంపగుత్తగా అనడం ఇప్పుడు నిజం కాదు. ఒకరి అబద్ధం బయటపడితే కొండంతటికీ మచ్చ. పీజీఎస్ అనే భాగస్వామ్య హామీ పద్ధతిలో పక్కపక్క రైతులు జట్టుకట్టి ఒకరి చేను ఒకరు చూసి సంతకం పెడతారు. ఇంకా మారే దశలో ఉన్న చేనుకు వేరే గుర్తు ఇస్తారు. ఒకరి చేను ఒకరు ఎరగడం మనకు కొత్త కాదు, కాగితం మీద రాయడమే కొత్త.

నాలుగోది వంట. కొనుక్కున్నవాడికి వండడం రాకపోతే మళ్ళీ రాడు. సామకు ఎసరెంత, చోడి పిండి ముందురోజు ఎందుకు నానబెట్టాలి, వలిసె పచ్చడి ఎలా నూరాలి అన్నది మన ఇంటి చదువు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఎనిమిదో తరగతి పిల్లలను నోటు పుస్తకాలతో ఒక్క వారం సంతకు తీసుకువెళ్ళండి. ఏ సరుకు ఏ ఊరి నుంచి వచ్చింది, అమ్మిన ధర ఎంత, అదే సరుకు పట్నం దుకాణంలో ఎంత అని రాయించండి. రెండు ధరల మధ్య తేడాను తీసివేత లెక్కగా చేయించండి. ఆ తేడాలో ఎవరెవరి వాటా ఎంతో పిల్లలే అడుగుతారు. వాళ్ళు అడిగేదానికి పెద్దల దగ్గర జవాబు ఉండాలి.