పాత కంప్యూటరు, మన అచ్చు చరిత్ర

దళితుల చరిత్ర రాయటానికి ఆధారాలు లేవని చెప్పటం అగ్రకుల చరిత్రకారులకు చాలాకాలంగా అలవాటు. ఆధారాలు లేకపోవటం వేరు, వున్నవాటిని నిలవనీయకపోవటం వేరు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. 1931లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. సొంత పత్రిక మన పెద్దలకు విలాసం కాదు. ఎదుటివాడి పత్రికలో మన మాట పడదని తెలిసి చేసిన పని అది. ఆనాటి కాగితాల కోసం యిప్పటికీ వెతుక్కుంటూనే వున్నాం. 1990ల నాటి రాతల సంగతి యింకా చిక్కు. వాటిలో కొన్ని యివాళ ఫ్లాపీల్లో మాత్రమే మిగిలాయి. వాటిని తెరవాలంటే ఎవరూ వద్దనుకున్న పాత కంప్యూటరే కావాలి. అందుకే మేము వొకటి కొన్నాం.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. యీ రెండు మారణకాండల తర్వాత కరపత్రాలు, చిన్న పత్రికలు, కవిత్వం వెల్లువలా వచ్చాయి. 'చిక్కనవుతున్న పాట' 1995లో వచ్చింది. సరిగ్గా యీ కాలంలోనే అచ్చు పద్ధతి మారిపోయింది. సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్ పోయి, డీటీపీ ఆపరేటర్ వచ్చాడు. చేతిరాత ప్రతి డీటీపీ సెంటర్‌కు పోయేది, పేజీకి యింత అని డబ్బులు కట్టేవాళ్లం. పేజ్‌మేకర్‌లో దిద్దిన పేజీని ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి ఆఫ్‌సెట్‌కు పంపేవాళ్లు. పుస్తకం మనది, ఖర్చు మనది. ఫైలు మాత్రం సెంటర్ వాళ్ల హార్డ్ డిస్కులోనే వుండిపోయేది. డిస్కు నిండితే చెరిపేసేవాళ్లు. ఆపరేటర్‌ను బతిమాలి ఫ్లాపీలోకి ఎక్కించుకున్నవాళ్ల దగ్గరే అది మిగిలింది.

మరి ఆ ఫ్లాపీ యివాళ తెరిస్తే ఏముంటుంది? అర్థం కాని ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు కేటాయించారు. అయితే 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక గానీ అది మామూలు కంప్యూటర్లలోకి దిగలేదు. అంతకుముందు ప్రతి కంపెనీ తన ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల చోట తలకట్టు, గుడి, కొమ్ము, వత్తులను ముక్కలు ముక్కలుగా తనకు తోచినట్టు దూర్చుకుంది. వొకరి అమరిక యింకొకరికి పనికిరాదు. ఆ ఫాంటు లేకపోతే ఆ పాఠం లేనట్టే. పైగా తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 'లాక్' వుండేది. ప్రింటర్ పోర్టుకు తగిలించే చిన్న ముక్క అది. ఆ ముక్క లేకుంటే సాఫ్ట్‌వేర్ కదలదు, యిప్పటి కంప్యూటర్లకేమో ఆ పోర్టే లేదు. 2013 తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవటం మానేశాయి. పాత యంత్రం కొనటం మా సరదా కాదని చెప్పటానికి యిది చాలు.

మేము కొన్నది పెంటియం యంత్రం, అందులో విండోస్ 98. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త సరుకు వెతికినా లాభం లేదు, స్క్రాప్ కొట్లకు పోవాల్సిందే. కొనేముందు మూత విప్పి చూడాలి. 386, 486 బోర్డుల మీద అతికించిన చిన్న బ్యాటరీ కారి, చుట్టూ పచ్చటి చిలుము పట్టి, రాగి గీతల్ని తినేసి వుంటుంది. కెపాసిటర్ల తలలు వుబ్బితే మార్చాల్సిందే. రెండు సైజుల ఫ్లాపీ డ్రైవులు తగిలించే వీలుండాలి. యుఎస్‌బీ డ్రైవు మూడున్నర అంగుళాలదే చదువుతుంది, అయిదుంపావు అంగుళాలది చదవదు. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన యంత్రమైతే మరీ మంచిది, ఫాంట్లు అందులోనే వుంటాయి. అందుకే వేరే ఏ పని చేయకముందే హార్డ్ డిస్కు మొత్తానికి నకలు తీసుకోవాలి.

నిలబెట్టుకోవటం కొనటంకన్నా కష్టం. మెమరీ కార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దితే, చచ్చిందనుకున్న యంత్రం చాలాసార్లు లేస్తుంది. గుండ్రటి మూడు వోల్టుల సెల్లు అయిపోతే తేదీ, సెట్టింగులు మరిచిపోతుంది. పాత హార్డ్ డిస్కును నమ్మలేం కాబట్టి దాని స్థానంలో అడాప్టర్‌తో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టాం. తెల్లటి బూజు మచ్చలున్న ఫ్లాపీని అట్లాగే డ్రైవులో పెట్టకూడదు, హెడ్డు పాడై తర్వాతి ఫ్లాపీలనూ గీస్తుంది. విండోస్ 98కు కంపెనీ 2006 జూలైలో చేయి దులుపుకుంది కాబట్టి యీ యంత్రానికి ఇంటర్నెట్ తగిలించం.

'పాతది' అని తీర్మానించేది ఎవరు? యంత్రం పనిచేస్తూనే వుంటుంది, కంపెనీ క్యాలెండర్ ప్రకారం చచ్చిపోతుంది. చచ్చిందన్నదాన్ని ఎవరి చేతులు విప్పుతాయి? ఢిల్లీ సీలంపూర్‌లో వైర్లు కాల్చి రాగి తీసేవాళ్లు, యాసిడ్‌లో బోర్డులు ముంచేవాళ్లు కులపట్టికలో ఏ మెట్టు మీద వుంటారో మన పాఠకులకు చెప్పక్కర్లేదు. ఇ-వ్యర్థాల నిబంధనలు 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి, 2016లోనూ 2022లోనూ మార్చారు. చట్టం కంపెనీ బాధ్యత గురించి చెబుతుంది. ఆ పొగ పీల్చే మనిషి మాత్రం చట్టంలో వెనకబెంచీనే. సమాజం ముట్టనిదాన్ని ముట్టుకుని పనికొచ్చేట్టు చేయటం మన కులాలకు అంటగట్టిన పని. దాన్నే యిప్పుడు మన అక్షరాల కోసం, మన యిష్టంతో చేస్తున్నాం.

ఫైలు తెరుచుకున్నాక రెండు పనులు చేస్తాం. పేజీని వున్నదున్నట్టు పోస్ట్‌స్క్రిప్ట్‌గా ప్రింటు చేసి కొత్త యంత్రంలో పీడీఎఫ్‌గా మార్చుకుంటాం. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతి దొరికితే పక్కన పెట్టుకుని పైకి చదువుతూ సరిచూస్తాం. మార్పిడిలో వత్తులు రాలిపోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం దిద్దేవాడి చెయ్యి. వాడల మాటను, యాసను 'తప్పు' అనుకుని శిష్ట తెలుగులోకి సవరిస్తే, యింత కష్టపడి తెరిచిన గొంతును మళ్లీ మనమే మూసినట్టు. రచయిత ఎట్లా రాస్తే అట్లాగే వుంచాలి. తర్వాత కనీసం మూడు చోట్ల నకళ్లు దాచాలి.

అటక మీదో ట్రంకుపెట్టెలోనో ఫ్లాపీలు వున్నవాళ్లు వాటిని పారేయొద్దు. ఎండ, తడి, అయస్కాంతం తగలకుండా, పేరూ సంవత్సరమూ రాసి పెట్టండి. తెరిచే యంత్రం బతికి వున్నప్పుడే తెరవాలి. రేపు ఎవరైనా మీకు ఆధారాలేవీ అంటే, చూపించటానికి మన దగ్గర వుండాలి.