మిజో తల్లుల పిడికెడు బియ్యం

ఆదివాసుల చరిత్ర అనగానే మనకు ముందు పోరాటాలు గుర్తుకొస్తాయి. 1879 రంప తిరుగుబాటు, 1922-24 మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం మరణం. ఇవన్నీ మన పిల్లలకు చెప్పవలసిన చరిత్రలే. అయితే పొయ్యి దగ్గర జరిగిన చరిత్ర కూడా ఒకటి ఉంటుంది. అందులో విల్లంబులు ఉండవు, తుపాకులు ఉండవు. ఒక తల్లి చేయి, ఒక బియ్యపు కుండ ఉంటాయి. ఈశాన్య భారతదేశంలోని మిజో ఆదివాసులకు అలాంటి చరిత్ర ఉంది. దాని పేరు ‘బుహ్‌ఫాయి థామ్’. మిజో భాషలో బుహ్‌ఫాయి అంటే దంచిన బియ్యం, థామ్ అంటే పిడికెడు.

ఇది క్రైస్తవ సంఘంలో పుట్టిన ఆచారం. తెలుగు బైబిలులో ‘గృహనిర్వాహకుడు’ అనే మాట కనిపిస్తుంది. యజమాని ఆస్తిని నమ్మకంగా చూసుకుని, అడిగినప్పుడు లెక్క అప్పజెప్పేవాడు అని దాని అర్థం. మన చేతిలో ఉన్న డబ్బు, ధాన్యం, సమయం మన సొంతం కాదు, దేవుడు అప్పగించినవి, వాటికి లెక్క చెప్పాలి అనేది క్రైస్తవుల నమ్మకం. ఈ నమ్మకం లేనివారికి కూడా ఈ చరిత్రలో నేర్చుకునేది ఉంది. చేతిలో రూపాయి లేని ఆదివాసీ సమాజం తన సంస్థలను తానే ఎలా నిలబెట్టుకుందో ఇది చెబుతుంది.

మిజో కొండలకు క్రైస్తవం మొదట వచ్చింది ఒక ధనవంతుడి డబ్బుతో. ఇంగ్లాండులోని లీడ్స్ నగరంలో రాబర్ట్ ఆర్థింగ్టన్ (1823-1900) అనే ఆయన ఉండేవాడు. పెద్ద ఆస్తి ఉన్నా చాలా పొదుపుగా, బీదవాడిలా బతికాడు. చుట్టుపక్కలవాళ్లు ఆయనను లోభి అనుకునేవారు. ఆయన మాత్రం మిషన్ పనికి డబ్బు ఇస్తూ వచ్చాడు. చనిపోయేటప్పుడు కూడా ఆస్తిలో ఎక్కువ భాగం దానికే రాసిపోయాడు. ఆయన పంపిన ఇద్దరు యువకులు జె.హెచ్. లోరెయిన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్ 1894 జనవరి 11న అప్పటి లుషాయి కొండలకు చేరారు. నేటి మిజోరాం అదే. వాళ్లు మిజో భాష నేర్చుకున్నారు, రోమన్ అక్షరాలతో ఆ భాషకు లిపి కూర్చారు, బడి పెట్టారు. వాళ్ల వ్యాకరణం, నిఘంటువు 1898లో అచ్చయ్యాయి.

కానీ ఆ ధనవంతుడికి ఒక పట్టుదల ఉండేది. తన మనుషులు ఒకేచోట స్థిరపడకూడదు, వాక్యం చెప్పి కొత్త జాతుల దగ్గరికి సాగిపోవాలి అనేది ఆయన ఆలోచన. అందువల్ల నాలుగేళ్లు నిండేసరికి లోరెయిన్, సావిడ్జ్ ఆ కొండలు విడిచి వెళ్లారు. 1897లో వేల్స్ దేశపు మిషన్ తరఫున డి.ఇ. జోన్స్ వచ్చి ఉత్తర భాగంలో పని అందుకున్నాడు. 1903లో ఆ ఇద్దరూ బాప్టిస్టు మిషన్ తరఫున తిరిగి వచ్చి దక్షిణాన లుంగ్లే దగ్గర స్థిరపడ్డారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బయటి డబ్బు ఎంత మంచి మనసుతో వచ్చినా, అది ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో తేల్చేది ఇచ్చేవాడే.

అప్పటి మిజో పల్లెల్లో డబ్బు చెలామణి చాలా తక్కువ. వాళ్లది మన పోడు లాంటి ఝూమ్ సేద్యం. కొండవాలు నరికి, ఎండబెట్టి, కాల్చి వరి చల్లేవారు. ధాన్యమే వాళ్ల ఆస్తి. ఊరి పెద్దను ‘లాల్’ అనేవారు. పంట ఇంటికొచ్చాక లాల్‌కు ధాన్యం కొలిచి ఇవ్వాలి, దాన్ని ‘ఫాథాంగ్’ అనేవారు. అంటే ధాన్యం తీసి ఇవ్వడం మిజోలకు కొత్త కాదు. అయితే ఫాథాంగ్ ఇవ్వక తప్పని పన్ను. ఇచ్చి తీరాలని ఎవరూ శాసించని ధాన్యం ఒకటి తరువాత వచ్చింది.

1910 ప్రాంతంలో ఉత్తర మిజో సంఘంలో పిడికెడు బియ్యం మొదలైంది. పద్ధతి చాలా తేలిక. ఇంటి ఇల్లాలు పూటపూటకూ వంటకు బియ్యం తీసినప్పుడు, ఎసట్లో పోయకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే గిన్నెలో వేస్తుంది. కొన్నాళ్లకు సంఘంలోని స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తారు. పోగైన బియ్యాన్ని అమ్మి, వచ్చిన డబ్బును సంఘం పనికి వాడతారు. మొదట్లో ఆ డబ్బు ముఖ్యంగా ఊరూరా తిరిగి బైబిలు బోధించే స్త్రీల జీతాలకు వెళ్లింది. అంటే ఒక తల్లి కుండలోని బియ్యం ఇంకొక స్త్రీకి జీతమైంది.

ఈ చిన్న పద్ధతిలో నాలుగు తెలివైన సంగతులు ఉన్నాయి.

మొదటిది, ఇది మిగిలినది ఇవ్వడం కాదు. వండకముందే తీస్తారు. తిన్నాక మిగిలితే ఇద్దాం అనుకుంటే బీద ఇంట్లో ఏనాడూ మిగలదు. రెండవది, బీద, గొప్ప తేడా లేదు. వంద రూపాయల చందా అడిగితే లేనివాడు తల దించుకుంటాడు. పిడికెడు బియ్యం అడిగితే వండుకునే ప్రతి ఇల్లూ తల ఎత్తుకుని ఇవ్వగలదు. సువార్తలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ మిజో తల్లులకు ఎందుకంత దగ్గరగా తోచిందో ఊహించవచ్చు. మూడవది, ఇది ఏడాదికొకసారి వచ్చే ఉత్సాహం కాదు, రోజూ చేసే అలవాటు. ఉత్సాహం చల్లారుతుంది, అలవాటు నిలుస్తుంది. నాలుగవది, పోగైనదానికి లెక్క ఉంటుంది. ఎవరెవరు తిరిగారు, ఎంత వచ్చింది, ఎంతకు అమ్మారు అన్నది అందరికీ తెలుస్తుంది. నమ్మకం ఉన్నచోటే పిడికెడు వస్తుంది.

దీనికి తోడు మిజోల సొంత విలువ ఒకటి ఉంది. దాన్ని ‘త్లోమ్‌ఙైహ్నా’ అంటారు. తనకంటే ముందు ఎదుటివాడి అవసరం చూడటం, కష్టంలో ఉన్నవాడికి అడగకముందే సాయం వెళ్లడం, దాన్ని గొప్పగా చెప్పుకోకపోవడం. ఇది మిషనరీలు తెచ్చింది కాదు, తరతరాలుగా ఉన్నదే. అందుకే పిడికెడు బియ్యం బయటి నుంచి అతికించినట్టు కాకుండా ఆ నేలలోనే మొలిచినట్టు నిలిచింది.

ఆ నిలకడకు పరీక్షలు కూడా వచ్చాయి. ఆ కొండల్లో సుమారు 48 ఏళ్లకొకసారి ఒక రకం వెదురు ఒక్కసారిగా పూసి కాస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, తరువాత వరి పంట మీద పడతాయి. ఆ కరువును ‘మౌతామ్’ అంటారు. ఈ ఆచారం మొదలైన కొద్దికాలానికే 1911-12లో మౌతామ్ వచ్చింది. మళ్లీ 1959లో వచ్చింది. ఆ కరువులో ప్రభుత్వం సరిగా ఆదుకోలేదన్న కోపం పెరిగి, కరువు సాయానికి పెట్టిన సంస్థే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966లో తిరుగుబాటు లేచింది. ఆ మార్చిలో ఐజోల్ పట్టణం మీద విమానాలు బాంబులు వేశాయి. 1967 నుంచి ఎన్నో పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్క శిబిరాలకు చేర్చారు. పోడు దూరమైంది, బియ్యం రేషన్ మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ గొడవల మధ్యనే విదేశీ మిషనరీలు ఆ కొండలు విడిచి వెళ్లవలసి వచ్చింది.

సంఘం, ఆస్పత్రి, బడులు అన్నీ ఇక మిజోల భుజాల మీదే పడ్డాయి. అవి కూలిపోలేదు. ఎందుకంటే అప్పటికే యాభై ఏళ్లకు పైగా ఇంటింటా రోజూ తమ సంఘాన్ని తామే పోషించుకునే అలవాటు ఉంది. కట్టెలు, కూరగాయలు కూడా ఇచ్చారు, దశమభాగం ఇచ్చారు. ఈనాడు మిజో ప్రెస్బిటీరియన్ సంఘానికి పిడికెడు బియ్యం ద్వారా వచ్చే మొత్తం ఏటా కోట్ల రూపాయల్లో ఉంటుంది. ఒకప్పుడు మిషనరీలను అందుకున్న ఆ కొండలే ఇప్పుడు ఇతర రాష్ట్రాలకు తమ మనుషులను పంపుతున్నాయి.

చరిత్ర రాసేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి. కొత్త మతంతో మిజోలు కొన్నింటిని పోగొట్టుకున్నారు. ‘జూ’ అనే బియ్యపు కల్లును, దానితో ముడిపడిన పాత పండుగలను సంఘం దూరం పెట్టింది. యువకులు కలిసి పడుకుని క్రమశిక్షణ నేర్చుకునే ‘జోల్‌బుక్’ అనే ఊరి సావడి క్రమంగా కనుమరుగైంది. పోడు నరికాక చేసుకునే చప్చార్ కుట్ పండుగను 1973లో మళ్లీ మొదలుపెట్టుకోవలసి వచ్చింది. ఇంకొక మాట. పిడికెడు తీసింది స్త్రీలు, ఇంటింటికీ తిరిగి పోగుచేసింది స్త్రీలు. అయినా ఆ సంఘంలో స్త్రీలకు ఎంతో కాలం పాస్టరు అభిషేకం దక్కలేదు. కుండను నింపిన చేతికి నిర్ణయం చేసే కుర్చీ అందలేదు. మనం ఆ మంచిని నేర్చుకునేటప్పుడు ఈ లోటును కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. మన ఏజెన్సీ చరిత్రలో సావుకారి అప్పు ఒక పెద్ద అధ్యాయం. ఆకలి నెలల్లో ఇచ్చిన కుంచెడు గింజలకు పంట రోజుల్లో రెండింతలు కొలుచుకున్న కథలు ప్రతి గూడెంలోనూ ఉన్నాయి. దీన్ని అడ్డుకోవడానికి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారుల మీద 1960లో ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చింది, అప్పుల నుంచి విముక్తికి కూడా ఒకటి తెచ్చింది. 1996-97లో కేంద్రం గిరిజన గ్రామాలకు ధాన్యం బ్యాంకుల పథకం పెట్టింది. చట్టం కావాలి, పథకం కావాలి. కానీ గూడెంలో గింజ పోగుచేసే అలవాటు, లెక్క చెప్పే అలవాటు లేనిచోట బయటి నుంచి వచ్చిన గింజ ఒక్క ఏడాదిలో కరిగిపోతుంది.

తెలుగు నేల మీద కూడా స్త్రీల చేతి పొదుపుకు గొప్ప చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తరువాత ఆ జిల్లా స్త్రీలు రోజుకొక రూపాయి చొప్పున దాచుకున్న పొదుపులక్ష్మి గుంపులు అందరికీ తెలిసినవే. అయితే పొదుపుకు, పిడికెడు బియ్యానికి ఒక తేడా ఉంది. పొదుపులో దాచిన సొమ్ము మనకే తిరిగి వస్తుంది. పిడికెడులో తీసిన బియ్యం ఊరిదవుతుంది. మన గూడేలకు రెండూ అవసరమే.

తోటి ఉపాధ్యాయులు దీన్ని లెక్కల పాఠంగా కూడా చెప్పవచ్చు. పిడికెడు బియ్యం సుమారు 50 గ్రాములు అనుకుందాం. రెండు పూటలకు 100 గ్రాములు. ఏడాదికి ఒక ఇంటి నుంచి 36 కిలోల 500 గ్రాములు. 40 గడపలున్న గూడెంలో 1,460 కిలోలు, అంటే పద్నాలుగున్నర క్వింటాళ్లకు పైగా. బియ్యానికి బదులు రాగులు, సామలు అనుకున్నా సరే. ఈ లెక్కను పిల్లల చేతనే బోర్డు మీద వేయించాలి. తరువాత ఒక ప్రశ్న అడగాలి: ఇన్ని గింజలు మన గూడెంలో ఉంటే ఆకలి నెలల్లో ఏ ఇల్లు సావుకారి గడప తొక్కకుండా ఆగుతుంది? కాలేజీ ఫీజు కట్టలేక ఇంటికొచ్చిన ఏ పిల్ల మళ్లీ చదువుకు వెళుతుంది?

ఆ గింజలు ఎవరి దగ్గర ఉంచాలి, లెక్క ఎవరు రాయాలి, ఎవరికి ముందు ఇవ్వాలి అనేది గూడెం కూర్చుని తేల్చుకోవాలి. చదువుకున్న యువత ఆ పుస్తకం రాయాలి, నెలకొకసారి అందరి ముందూ చదివి వినిపించాలి. గింజలు తీసే తల్లులకే నిర్ణయంలో మొదటి మాట ఉండాలి. మిజో తల్లుల దగ్గర పిడికిలి నేర్చుకుని, వాళ్లకు దక్కని కుర్చీని మన తల్లులకు మనం వేయాలి.