చదువుకునేవాడికి ఒక గది: పాత కథ, నేటి బాధ్యత

జూన్ మాసం వచ్చిందంటే మా బడికి పాత శిష్యులు వస్తుంటారు. సర్టిఫికెట్ కోసం కాదు, గది కోసం. "సార్, మొదటి ఏడాది ఖాలా ఇంట్లో గడిచింది. ఇక కుదరదు, ఎక్కడైనా రూము చూడండి" అంటారు. మేము చదువుకునే రోజుల్లోనూ ఇదే పాట్లు. టు-లెట్ బోర్డు చూసి వెళితే ఇంటాయన పేరడిగి, "నిన్ననే ఇచ్చేశాం బాబూ" అన్నాడు. బోర్డు మాత్రం మరో నెల అలాగే వేలాడింది.

ఈ బాధ నిన్న మొన్నటిది కాదు. విద్యార్థి పరాయి ఊరు వెళ్లిన నాడే మొదలైంది.

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ సంగతి చూడండి. తొలి రోజుల్లో అక్కడ హాస్టళ్లు లేవు. కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఊరివాళ్ల ఇల్లు కిరాయికి తీసుకునేవారు. 1209లో ఒక విద్యార్థి చేతిలో ఒక స్త్రీ చనిపోయింది. అతడు పారిపోయాడు. ఊరివాళ్లు అతనితో ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు ముగ్గురిని పట్టి ఉరి తీశారు. వాళ్ల నేరమల్లా కిరాయి పంచుకోవడమే! భయపడిన గురుశిష్యులు ఊరు వదిలేశారు. కొందరు కేంబ్రిడ్జి చేరారు. అక్కడి విశ్వవిద్యాలయం అలా మొదలైంది.

1214లో పోపు ప్రతినిధి రాజీ కుదిర్చాడు. పదేళ్లపాటు విద్యార్థుల ఇళ్ల కిరాయి సగానికి తగ్గించాలి. కొత్త ఇళ్ల కిరాయిని నలుగురు గురువులు, నలుగురు ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయించాలి. బీద విద్యార్థుల కోసం ఊరు ఏటా 52 షిల్లింగులు ఇవ్వాలి, ఏడాదికొకసారి నూరుమందికి భోజనం పెట్టాలి. 1231లో రాజు మూడవ హెన్రీ కేంబ్రిడ్జిలోనూ ఇలాంటి ఏర్పాటే చేశాడు. అక్కడ ఇద్దరు గురువులు, ఇద్దరు ఊరివాళ్లు. రెండు పక్షాలూ ఒక చోట కూర్చుంటే తప్ప కిరాయి తగవు తీరదని అప్పుడే తెలుసుకున్నారన్నమాట.

తూర్పు దేశాల్లో దారి వేరు. మసీదు పక్కనే ముసాఫిర్‌ఖానా కట్టి, దూరపు విద్యార్థికి అందులో చోటిచ్చేవారు. బాగ్దాదులో 1233 ప్రాంతంలో వెలసిన ముస్తన్‌సిరియా మదరసాలో బస, భోజనం, కొంత భత్యం వక్ఫు ఆదాయం నుంచే వచ్చేవి. కైరో అల్ అజ్‌హర్‌లో ఏ దేశపు విద్యార్థులకు ఆ దేశపు రివాక్ ఉండేది.

మన హైదరాబాదుకు వద్దాం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే మొదట కిరాయిదారు. 1919లో గన్‌ఫౌండ్రీ వైపు అద్దె భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. ఆర్ట్స్ కాలేజీ సొంత భవనం 1939లో గాని ప్రారంభం కాలేదు. ఆ 1918లోనే, తరువాత నగర కొత్వాల్ అయిన రాజాబహద్దూర్ వెంకటరామిరెడ్డిగారు పూనుకొని రెడ్డి హాస్టల్ స్థాపించారు. పల్లెల నుంచి వచ్చిన ఎందరో పిల్లలు ఆ నీడలో చదివి పైకొచ్చారు.

ఇవన్నీ చూస్తే తోచేది ఒకటే. గది దొరకడం కేవలం విద్యార్థి అదృష్టం మీద వదిలేసిన చోట చదువు ఆగింది. నలుగురు పెద్దలు తమ పని అనుకున్న చోట సాగింది.

మరి మనం? పరాయివాళ్లు తలుపు వేశారని నొచ్చుకుంటాం. నిజమే, నొప్పి ఉంది. కాని మనలోనే మేడమీద గదులు తాళం వేసుకున్నవారు, జూన్ రాగానే కిరాయి పెంచేవారు లేరా? హాస్టల్ కట్టడానికి లక్షలు కావాలి. ఖాళీ గదుల జాబితా రాయడానికి ఒక నోటుబుక్కు చాలు. కుర్రాడికి జామీను నిలబడడానికి ఒక పెద్దమనిషి మాట చాలు. ఇద్దరు ఇంటివాళ్లు, ఇద్దరు టీచర్లు ఏడాదికొకసారి కూర్చుని న్యాయమైన కిరాయి చెప్పవచ్చు. కుర్రాళ్లు కూడా ఇల్లు శుభ్రంగా ఉంచాలి, నెల మొదట్లో కిరాయి ఇవ్వాలి. ఒకడి తప్పుకు వెనక వచ్చే పదిమందికి తలుపు మూసుకుంటుంది.

వచ్చే జూన్‌లో మా దగ్గరికి వచ్చే కుర్రాడికి ఒక చిరునామా చెప్పగలిగితే అదే మాకు ఈద్.