కాకర్లవారి మూలస్థానము

శ్రీ త్యాగరాజస్వామి 1767వ సంవత్సరము మే 4వ తేదిని జన్మించి, 1847వ సంవత్సరము జనవరి 6వ తేదిని తిరువయ్యారున సిద్ధిపొందెను. జన్మస్థలము తిరువారూరని పెక్కండ్ర మతము. తిరువయ్యారే యని వాదించువారును గలరు. ఈ రెండు పట్టణములును చోళదేశములోనివే. ఇంటిపేరు మాత్రము చోళదేశపుది కాదు. కాకర్ల యనునది నల్లమలకొండల తూర్పుదెస, కంభముపట్టణమునకు సమీపమున, అర్ధవీడు ప్రాంతముననున్న గ్రామము. స్వామివారి పూర్వు లచ్చటినుండియే దక్షిణమునకు వెడలిరని లోకమున ప్రసిద్ధి. ఈ ప్రసిద్ధికి గల ప్రమాణబల మెంతయో విచారింపవలసియున్నది.

ఊరిపేరు ఇంటిపేరగుట మన దేశమున మిక్కిలి సామాన్యము. అయినను ఇందొక విశేషము కలదు. కాకర్లయందే యున్నవానిని కాకర్లవాడని యెవ్వరును పిలువరు. ఆ యూరనందఱును కాకర్లవారే గదా. పరగ్రామము చేరినపిమ్మటనే ఇరుగుపొరుగువా రట్లు వ్యవహరింతురు. కావున ఇట్టి యింటిపేరు ఒక కుటుంబము నివసించిన చోటును గాక, విడిచివచ్చిన చోటును దెలుపును. విడిచిన కాలమును మాత్రము తెలుపదు. అదియునుగాక కాకర్లవారు పలు కులములయందు గలరు. వేమూరు ప్రాంతమున కాకర్లమూడి యను వేఱొక గ్రామమును గలదు. ఇంటిపేరొక్కటియే సాక్షియైనచో వాదము నిలువదు.

రెండవ సాక్షి శాఖానామము. స్వామివారు మురికినాటి వైదికశాఖకు జెందినవారు. వెలనాడు, వేగినాడు, కాసలనాడు మున్నగువానివలె ఇదియు దేశవాచకమే. ములికినాడు, ములకనాడు అనునవి దీని రూపాంతరములు. ప్రాచీనమైన ములికినాడు గండికోట సీమను జేరినది. కంభము దానికి ఉత్తరమునగలదు. అనగా ఇంటిపేరును శాఖానామమును ఒక్క గ్రామమును వ్రేలితో చూపుటలేదు. ఒకే దిక్కును చూపుచున్నవి. కృష్ణకు దక్షిణమున, నల్లమలకును పెన్నకును నడుమనున్న సీమయని చెప్పినచో ఈ రెండు సాక్ష్యములకును విరోధముండదు. వెలనాటిలోనిదగు కాకర్లమూడి యిందువలన తొలగిపోవును. కంభముచెంగటి కాకర్లయే మిగులును. సాక్ష్యము నడచునంతదూరము ఇదియే. ఇల్లును పెరడును గూడ చూపబూనిన గ్రంథకర్తలు దీనికి మించి నడచిరి.

ఇంక పితామహుని నామము. బంగాళరాగమున స్వామివారు రచించిన ‘గిరిరాజసుతాతనయ’ యను కీర్తనమును బట్టి, ఆయన తాత గిరిరాజకవి యనియు, తంజావూరి మహారాష్ట్ర ప్రభువుల యాస్థానమున యక్షగానములు రచించిన గిరిరాజకవి యాతడే యనియు కొందఱు నిర్ణయించిరి. ఇచ్చట పండితులు శబ్దమును పరికింపవలెను. కీర్తనము వినాయకస్తుతి, గిరిరాజసుత పార్వతి, ఆమె తనయుడు వినాయకుడు. శ్లేషచే కవివంశము గూడ స్ఫురించునని యొప్పుకొన్నను, ‘సుతా’ యని దీర్ఘమున్నచో గిరిరాజు మాతామహు డగును. పితామహుడు కావలెనన్న హ్రస్వము కావలెను. తెలుగునోట ఈ దీర్ఘము తఱచుగా సడలును గనుకనే ఒకరు తల్లితండ్రియనియు, ఒకరు తండ్రితండ్రియనియు వ్రాసిరి. ఒక్క మాత్రపై వంశవృక్షమును నిలుపుట సాహసము. మాతామహుడే యైనచో ఆతని యూరు కాకర్లవంశమునకు ప్రమాణమే కాదు. కాకర్ల తండ్రిదెస నామము గదా. తండ్రినామమునందు ఇట్టి సందేహము లేదు. బిలహరిరాగమున ‘దొరకునా యిటువంటి సేవ’ యను కీర్తనమున తాను రామబ్రహ్మతనయుడనని స్వామివారు స్పష్టముగా చెప్పుకొనిరి.

వలసకు కారణము కఱవని సామాన్యముగా చెప్పుదురు. గుండ్లకమ్మకు అడ్డకట్టవేసి నిర్మించిన కంభముచెరువు దేశప్రసిద్ధము. దాని చేరువవారు నీటికొఱకే కావేరికి బోయిరనుట అంతగా పొసగదు. దక్షిణమున ఆదరణము గలదను వార్తయే బలవత్తరమై యుండును. తంజావూరిని 1532 మొదలు 1673 వఱకు ఏలిన నాయకరాజులు తెలుగువారు. అచ్యుతప్పనాయకుడు మెలట్టూరును బ్రాహ్మణకుటుంబముల కిచ్చెను. రఘునాథ విజయరాఘవులు స్వయముగా తెలుగుకవులు. తరువాత వచ్చిన మహారాష్ట్రులును తెలుగును విడువలేదు. 1684 మొదలు 1712 వఱకు పాలించిన శాహజీ తెలుగున యక్షగానములు రచించెను. స్వామివారు జన్మించునాటికి రెండవ తుళజాజీ రాజ్యము చేయుచుండెను.

అఱవదేశపు ఆచారమున పురుషుని పేరునకు ముందు ఊరి యక్షరమును, తండ్రి యక్షరమును చేర్తురు. తరము మాఱిన తండ్రి యక్షరమును, వలస మాఱిన ఊరి యక్షరమును మాఱుచుండును. రామబ్రహ్మము ఇంటివారు ఆ యాచారమును గైకొనియున్నచో తిరువారూరొక్కటియే మిగిలి కాకర్ల మఱుగుపడియుండెడిది. ఇంటిపేరు విడువకుండుటచేతనే ఈ చర్చకు తావు గలిగినది.

శిష్యుడైన వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ సేకరించిన వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్రసభయందు చేరినవి. తంజావూరి ప్రభువుల మోడిలిపి పత్రములు సరస్వతీమహలున గలవు. తిరువారూరు, తిరువయ్యారులలో ఇండ్లను మాన్యములను ఇచ్చిన పత్రములయందు రామబ్రహ్మమునకు పైతరపువాని పేరు ఇంటిపేరుతో గూడ వెదకవలెను. అట్టిది లభించినచో గిరిరాజశబ్దపు దీర్ఘహ్రస్వములతో పనిలేదు.