విద్యుత్తా, కాల్షియమా? నాడీసంధిపై ఒక వివాద చరిత్ర

నాడీకణం చివర విద్యుత్ సంకేతం రసాయన సంకేతంగా మారే తీరును గురించిన చరిత్రను పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఒక విజయగాథగా చెబుతాయి. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగం రసాయన ప్రసారానికి ఆధారం చూపింది. 1950లలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్నార్డ్ కాట్జ్, ఆయన సహచరులు ఆ రసాయనం చిన్న చిన్న పొట్లాలుగా విడుదలవుతుందని నిరూపించారు. 1970లో కాట్జ్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఈ కథనం చాటున ఒక ప్రశ్న మరుగున పడింది. కణత్వచ విభవం కాల్షియానికి ద్వారం తెరవడంతో తన పని ముగించుకుంటుందా, లేక విడుదల యంత్రాంగాన్ని నేరుగా కూడా శాసిస్తుందా?

కాట్జ్, రికార్డో మిలేడి 1967లో స్క్విడ్ మహానాడీసంధిపై ప్రకటించిన ఫలితం మొదటి పక్షానికి ప్రధాన బలం. సంధి పూర్వభాగాన్ని మితిమీరి విధ్రువీకరిస్తే విద్యుత్ స్పందం కొనసాగుతున్నంతసేపూ విడుదల అణగి ఉంటుంది. స్పందం ఆగిన వెంటనే మొదలవుతుంది. కణం లోపలి భాగం అంతగా ధనాత్మకమైనప్పుడు ద్వారాలు తెరచి ఉన్నా ధనావేశం గల కాల్షియం లోనికి రాలేదు. విభవం ఒక్కటే చాలినదైతే అప్పుడే విడుదల అత్యధికంగా జరగవలసింది. ఈ తర్కం నేటికీ సుందరమైనదే.

అయితే విభవం ఒక్కటే చాలదని చెప్పడం, దానికి వేరే పాత్రే లేదని చెప్పడం ఒకటి కావు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన హానా పార్నస్, ఇత్‌జాక్ పార్నస్ పట్టుకున్నది ఈ సందునే. కణంలోని కాల్షియం పరిమాణాన్ని మార్చినా విడుదల మొత్తం మారుతుందే గాని, అది ఆరంభమై ముగిసే కాలక్రమం అంతగా మారదన్నది వారి పరిశీలన. 1989లో వారు హోక్నర్‌తో కలిసి, కాల్షియం ప్రవేశం లేకున్నా విధ్రువీకరణ విడుదలను కలిగించగలదని క్రేఫిష్ నాడీకండర సంధిపై ప్రయోగంతో ప్రకటించారు. 1991లో మల్కీ, జుకర్ అదే జీవిపై దానికి విరుద్ధమైన ఫలితాన్ని ప్రకటించారు. ఒకే సంధి రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పడం ఈ వివాదంలోని విచిత్రం.

తర్వాత పార్నస్ బృందం దృష్టి గ్రాహకాలపైకి మళ్లింది. విశ్రాంతి స్థితిలో ఎం2 మస్కారినిక్ గ్రాహకం అసిటైల్‌కోలిన్‌ను గట్టిగా పట్టి విడుదలను అడ్డుకుంటుందనీ, విధ్రువీకరణతో ఆ పట్టు సడలి అడ్డు తొలగుతుందనీ వారు ప్రతిపాదించారు. 2003లో బెన్-ఛయీమ్ తదితరులు కప్ప అండకణాలలో ఎం2 పట్టు విభవంతో మారుతుందని చూపారు. విధ్రువీకరణతో ఎం2 పట్టు తగ్గగా, ఎం1 పట్టు పెరిగింది.

అదే సంవత్సరం ఫెల్మీ, నెహెర్, ష్నెగ్గెన్‌బర్గర్ ఎలుక మెదడుకాండంలోని ఒక పెద్ద సంధిలో వెలుతురుతో కాల్షియాన్ని విముక్తం చేసి, విభవాన్ని మార్చి చూశారు. విడుదల కాలక్రమంపై విభవ ప్రత్యక్ష ప్రభావం కనిపించలేదు. అయితే ఆ సంధిలోని సంకేతవాహకం గ్లుటమేట్. ఎం2 వాదం పుట్టింది అసిటైల్‌కోలిన్ సంధులలో. ఈ భేదానికి తగినంత ప్రాధాన్యం దక్కలేదు.

2006లో బెన్-ఛయీమ్ బృందం ఎం2 గ్రాహకంలోనే విభవానికి స్పందించే ఆవేశ చలనాన్ని నమోదు చేసింది. ఈ గుణం ఆపై ఇతర జి-ప్రోటీన్ గ్రాహకాల అధ్యయనంలోకీ ప్రవేశించింది. విడుదల కాలాన్ని నియంత్రించేది ఆ గుణమేనన్న మూల ప్రతిపాదనను మాత్రం నాడీశాస్త్ర ప్రధాన స్రవంతి ఇంకా స్వీకరించలేదు.