గట్టు దాటిన జింక ఎవరిది?

మా ఇంట్లో ఒక పాత తోలు సంచి ఉంది. మా దాదా అందులో బారూద్, సీసపు గుండ్లు, ఒక చిన్న చాకూ పెట్టుకునేవాడట. ఇప్పుడు మా అమ్మీ సూదులు, దారపుండలు వేసుకుంటోంది. సంచి మిగిలింది గానీ బందూక్ మిగల్లేదు. నాకు తెలిసిందల్లా అబ్బా చెప్పిన ముచ్చట్లే.

అది బర్మార్ బందూక్. నోట్లోంచి మందు దట్టించి పేల్చేది. దాదా దాంతో పులుల్ని కొట్టలేదు, కొట్టానని ఎన్నడూ కోతలు కోయలేదు కూడా. అచ్చంపేట నుంచి అమ్రాబాద్ దాకా ఉన్న చెలకల్లో ఖర్గోష్, తీతర్, ఎప్పుడో ఒకసారి జింక. అంతే ఆయన షికార్. శుక్రవారం నమాజ్ అయ్యాక బయలుదేరి, పోయే ముందు చేను ఎవరిదో వాళ్ళ ఇంటి ముందు ఆగేవాడట. "పటేలా, ఇయ్యాల మీ చెలకల తిరుగుతా" అంటే, "తిరుగు సాయిబూ, పంట తొక్కకు" అనేవాళ్ళట. ఇజాజత్ అంటే అప్పట్లో ఈ రెండు మాటలే. కాగితం లేదు, మొహర్ లేదు. దొరికిన దాంట్లో హిస్సా మాత్రం ఆ ఇంటికి పోయేది. జబీహా చేసిన మాంసమే పంపేవాడు. వాళ్ళకు ఆ పట్టింపు లేకపోయినా.

ఇక అసలు సంగతి. పోలీస్ యాక్షన్‌కు రెండేళ్ళ ముందు. దాదా ఒక పటేల్ చెలకలో జింకను కొట్టాడు. గుండు తొడకు తగిలింది. అది లేచి గట్టు దాటి పక్కాయన జొన్నచేలో పడింది. ఆ పక్కాయనను దాదా అడగలేదు. అడగాల్సి వస్తుందని అనుకోలేదు. చాకూ చేతిలో పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయాడు. మనిషిని పంపి, ఆ ఆసామి మోట దగ్గర్నుంచి వచ్చి, సరే పొమ్మనేసరికి జింక ప్రాణం పోయింది. ముర్దార్ అయిపోయింది. వెంట వచ్చిన చెంచు మనిషి దాన్ని భుజాన వేసుకుపోయాడు. దాదా ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చాడు. మా దాదీ మసాలా నూరి పెట్టుకుని కూర్చుందట, బతికున్నన్నాళ్ళూ దెప్పేది.

చిన్నప్పుడు ఈ కిస్సా విని నవ్వుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత అనిపించింది, నాలుగడుగులు వేసి కోసుకుంటే ఏం పోయేది? షరియత్ ప్రకారం ఆ జింక ఎవరిది?

షికార్ మన దీన్‌లో జాయెజ్. సూరా మాయిదాలో దాని మసాయిల్ ఉన్నాయి. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్ళు వేటాడకూడదనేది కూడా అక్కడే ఉంది. అయితే బందూక్ దగ్గర ఒక పేచీ ఉంది. బాణం కోస్తుంది, గుండు కొట్టి నలుపుతుంది. అందుకే మన దేశపు హనఫీ ఉలమాల్లో ఎక్కువమంది, గుండు దెబ్బకే చచ్చిన జంతువు హలాల్ కాదనీ, ప్రాణం ఉండగానే చేరుకుని బిస్మిల్లా అని జబా చేయాలనీ ఫత్వా ఇచ్చారు. పాత షికారీలు చాకూ లేకుండా గడప దాటకపోవడానికి కారణం ఇదే. తుపాకీ పేలాక వాళ్ళ అసలు పని పరుగు. ఆ పరుగులో ఎవరి పొలం ఎక్కడ మొదలైందో చూసుకునే తీరిక ఎక్కడ?

పన్నెండో శతాబ్దంలో బుర్హానుద్దీన్ మర్గీనానీ రాసిన 'హిదాయా'లో ఇలాంటి మస్అలాలు ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ కోర్టుల కోసం 1791లో ఇంగ్లీషులోకి పోయిన కితాబు అది. దాని ప్రకారం ఒకడి భూమిలో పక్షి గుడ్లు పెడితే, జింక వచ్చి తలదాచుకుంటే, అవి భూమి యజమానివి కావు. పట్టుకున్నవాడివి. అడవి జంతువుకు మాలిక్ లేడు, చేతికి చిక్కినప్పుడే మాలిక్ పుడతాడు. ఇంకో మాట కూడా ఉంది: ఇక పారిపోలేనంతగా కొట్టినవాడిదే వేట. తొడ విరిగి జొన్నల్లో పడ్డ జింక కాబట్టి, అది దాదాదే.

కానీ అదే కితాబు తేనె దగ్గరికొచ్చేసరికి మాట మార్చుతుంది. నీ భూమిలో తేనెటీగలు పట్టు పెడితే ఆ తేనె నీదే. తేనె భూమి పంటలో లెక్క, జింక వచ్చిపోయే ముసాఫిర్. నల్లమల వైపు పుట్టిన నాకు ఈ తేడా భలే నచ్చింది. మా దిక్కు తేనె అంటే చెంచులే కదా. మరి వాళ్ళు తాళ్ళు కట్టి కొండ చరియల మీంచి దిగి తీసే తేనె ఎవరి భూమి పంట? ఈ సవాల్‌కు మళ్ళీ వస్తాను.

జానవర్ మీద హక్ వేరు, నేల మీద కాలు పెట్టే హక్ వేరు. జింక నాదే అయినా జొన్నచేను నాది కాదు. యజమాని వద్దంటే ఆగాల్సిందే. మా దాదా హిదాయా చదివినవాడు కాదు, ఖురాన్ నాజెరా, కొంచెం ఉర్దూ వచ్చు, అంతే. గట్టు మీద ఆగడం ఆయనకు ఎవరు నేర్పారో మరి.

ఆగనివాళ్ళు కూడా ఉన్నారు. నిజాం రియాసత్‌లో నేల అంతా ఒక్కరిది కాదు. దీవానీ ఇలాఖా వేరు, నిజాం సొంత సర్ఫెఖాస్ వేరు, పాయిగాలు, జాగీర్లు వేరు. మా చుట్టుపక్కలే గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు. కొల్లాపూర్‌లో ఉండే జటప్రోలు రాజుల ఇలాఖా నల్లమల అంచుకు ఆనుకునే ఉండేది. అడవి ఎవరిదైతే ఇజాజత్ వాళ్ళదే. బయటివాడికి అది దొరకడం ఎంత కష్టమో, పెద్దవాళ్ళకు అంత సులువు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ దగ్గర క్యాంపు వేసి పులుల్ని కొట్టాడు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. దొర, దొరసాని, ముందు చచ్చిన పులులు. చెట్ల సందుల్లోంచి డప్పులు కొట్టి పులిని తరిమిన హాంకా మనుషుల పేర్లు మాత్రం ఏ ఫోటో కిందా ఉండవు. దొరలొచ్చారంటే ఊరి వెట్టివాళ్ళు అడవిలోకి నడవాల్సిందే. పంట కోతల కాలమైనా సరే. పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ ముగ్గురూ నిలబడి మనుషుల్ని పంపేవాళ్ళు. అక్కడ చేను గలాయనను అడిగేదెవరు?

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పేరు మీదే 1890లో మా పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. పెద్ద షికారీ. మన బుజుర్గ్‌లు ఆయన నిశానా గురించి చెప్పుకుంటూ మురిసిపోతారు. నేనూ మురిసినవాణ్ణే, దాచుకోను. మన్ననూరు దాటాక శ్రీశైలం దారిలో వచ్చే ఫరహాబాద్ నిజాంల షికార్‌గాహ్. ఫరహ్ అంటే సంతోషం. లోయ అంచున పాడుబడ్డ గోడలు ఇప్పటికీ ఉన్నాయి. 1931-32లో హైదరాబాద్ రియాసత్ పక్షుల సర్వే చేసిన సలీం అలీ కూడా ఫరహాబాద్‌లో, మన్ననూరులో మకాం వేశాడు. ఆయన చేతిలోనూ తుపాకీ ఉండేది, అప్పటి పక్షిశాస్త్రం పిట్టను కొట్టి చర్మం దాచిపెట్టే శాస్త్రం. సర్కారు ఇజాజత్‌తోనే వచ్చాడు.

ఈ కాగితాలన్నిటికీ ముందే అక్కడ ఇంకో కానూన్ నడుస్తోంది. 1940లో ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ గురించి పెద్ద పుస్తకం అచ్చేశాడు. ఒక్కో చెంచు గుంపుకు ఒక్కో అడవి ఇలాఖా ఉండేదని అందులో రాశాడు. ఏ వాగు దాకా మనది, ఏ గుట్ట తర్వాత వాళ్ళది, అందరికీ తెలుసు. పెళ్ళాడిన మగవాడికి భార్య వాళ్ళ ఇలాఖాలోనూ తిరిగే హక్ వచ్చేది. కంచె లేదు, పట్టా లేదు, రిష్తాయే ఇజాజత్. అప్పటి నిజాం సర్కారు ఆ పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలు చెంచుల కోసం రిజర్వ్‌గా కేటాయించింది కూడా.

తర్వాతది మీకు తెలిసిందే. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో అందులో లైసెన్సు మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. ఇప్పుడు నీ సొంత పట్టా భూమిలో అయినా, ఆసామి పిలిచి మరీ కొట్టమన్నా, కుందేలును కొడితే నేరమే. పంటను, ప్రాణాన్ని దెబ్బతీసే కొన్ని జంతువుల విషయంలో మాత్రం అధికారి రాతపూర్వకంగా హుకుం ఇవ్వాలి. పటేల్ రెండు మాటల ఇజాజత్ చెల్లదు. నాకు దీంట్లో ఫిర్యాదు లేదు. మా దాదా కాలంలో పాలమూరు చెలకల్లో మందలుగా తిరిగిన జింకల్ని నా బిడ్డలు చూడాలంటే ఈ మాత్రం సఖ్తీ ఉండాలి.

చెంచుల దగ్గరే నా మనసు ఒప్పదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిబిడ్డల పాత హక్కులన్నీ ఒప్పుకుంటూనే వేటను మాత్రం మినహాయించింది. సరే, పులి కోసం అనుకుందాం. 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ విడిగా ఏర్పడింది, 2,611 చదరపు కిలోమీటర్లు. లోపలి పెంటల్లో ఉన్న చెంచుల్ని బయటికి రమ్మని అడుగుతున్నారు. అదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేయడానికి 2019లో కేంద్రం కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. బాణం పట్టిన చేతికి లేని ఇజాజత్ డ్రిల్లుకు దొరికింది! జనం లేచారు, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. హిదాయా తేనె మస్అలాను అక్కడ పెట్టి చూడండి. పంట నేల గలవాడిదైతే, నేల ఎవరిదో ముందు తేలాలి కదా.

పోయిన ఏడాది పిల్లల్ని తీసుకుని ఫరహాబాద్ పోయాను. గేటు దగ్గర టికెట్ కొనుక్కుని సఫారీ బండి ఎక్కాం. మా వెంట వచ్చిన చెంచు కుర్రాడు పులి పంజా గుర్తులు చూపించాడు. మీ తాత వేటాడేవాడా అని అడిగితే నవ్వి, డ్రైవర్ వైపు చూసి ఊరుకున్నాడు. నేనూ ఇంక అడగలేదు.

ఇంటికొచ్చాక అబ్బాకు హిదాయా సంగతి చెప్పాను, ఆ జింక దాదాదేనట అని. అబ్బా ఆశ్చర్యపోలేదు. నేను ఇన్నేళ్ళూ వినని ముక్క ఒకటి అప్పుడు చెప్పాడు. ఆ జొన్నచేను ఆసామి మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడట. పెరట్లో నులక మంచం మీద కూర్చుని, "నా చేల పడ్డది పడ్డట్టే ఉరికొచ్చి కోసుకోరాదు సాయిబూ? ఇంకముందు నన్ను అడగకు" అన్నాడట. దాదా సరేనన్నాడు. మళ్ళీ అటు పోయే పని ఆ ఏడాది పడలేదు. ఆ మరుసటేడు కరువు, తర్వాత గడబిడ. 1948 సెప్టెంబర్‌లో మిలిట్రీ వచ్చింది. బందూకులు పెట్టుకున్న మన ఇళ్ళన్నిటికీ కబురొచ్చింది. దాదా బర్మార్‌ను గుడ్డలో చుట్టి, స్టేషన్‌లో ఇచ్చి వచ్చాడు. జతగా పోయింది ఆ జొన్నచేను ఆసామేనట. సంచి ఇవ్వమని ఎవరూ అడగలేదు.